మహమ్మద్ కులీ కుతుబ్ షా వారికి బహిరంగ లేఖ

హుజూర్,

1591లో మీరు కట్టించిన చార్మినార్ క్షేమం. దాని మీది గడియారాలు మాత్రం మీకు తెలియవు, 1889లో వచ్చి చేరాయి. నగరం జనంతో నిండిపోవాలని మీరు దేవుణ్ణి వేడుకున్నారని చెబుతారు. ఆ అర్జీ బ్రహ్మాండంగా మంజూరైంది. ఆదివారం సాయంత్రం లాడ్ బజార్ మొదట్లో నిలబడితే చాలు, నడిచే పని లేకుండా చివరి గాజుల దుకాణం దాకా జనమే దింపుతారు. ఆ వేడుకోలులోనే పార్కింగు సంగతి కూడా ఒక ముక్క కలపాల్సింది.

నా ఫిర్యాదు బస గురించి. ‘చార్మినార్ కనిపించే గది’ అన్నారు లాడ్జిలో. కనిపించింది ఒక్క మినారు. అదీ పక్కింటి నీళ్ల ట్యాంకు దయతలిస్తే. నిలదీస్తే, ‘‘రెండు మినార్ల గదికి రేటు వేరే సార్’’ అన్నాడు మేనేజరు. పాపం, మీరు కట్టించినవాటిని చిల్లరగా అమ్ముకుంటున్నాడు.

అయినా రాత్రి ఇక్కడే పడుకోవాలి. పొద్దెక్కాక వచ్చి, ఫొటో దిగి, బిర్యానీ తిని పోయేవాళ్లకు ఈ చౌక్ అంతుపట్టదు. చార్మినార్‌కు ఉత్తరాన నాలుగు కమాన్ల మధ్య మీ కాలంలో జిలూఖానా అనే మైదానం ఉండేది. దాని నడిబొడ్డున గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. ఇప్పుడా హౌజ్ నగల దుకాణాల నడుమ ఆటోలు చుట్టూ తిరిగే దిమ్మె. మధ్యాహ్నం అక్కడ ఆగి తలెత్తితే వెనక హారన్ ఊరుకోదు. తెల్లవారుజామున, షట్టర్లు లేవకముందు, అక్కడే నిలబడి ఒక చుట్టు తిరిగి చూడండి: ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. కట్టడాలకంటే వాటి మధ్య వదిలిన ఖాళీ మీద మీవాళ్లు ఎక్కువ బుర్ర పెట్టారని అప్పుడు తెలుస్తుంది. ఆ ఖాళీనే మేం తినేశాం. తర్వాత కుల్చా, నహారీ. దాని గురించి రాస్తే లేఖ దారి తప్పుతుంది.

కాబట్టి ఒక ఫర్మానా కోరుతున్నాను. ఉదయం ఎనిమిది దాకా కమాన్ల లోపల ఇంజను మోగకూడదు. చార్మినార్ చూశామని ఊళ్లో చెప్పుకునేవాళ్లను మచిలీ కమాన్ ఎటువైపని అడగాలి. చెప్పలేనివాళ్లను మళ్లీ పంపాలి, ఈసారి రాత్రి బసతో. లాడ్జిలో రేటు మినార్ల లెక్కన కాక మంచాల లెక్కన ఉండాలి.

జవాబు త్వరగా పంపండి. పదకొండింటికల్లా గది ఖాళీ చేయమంటున్నారు.

ఇట్లు,
ఒక్క మినారు గదిలోని అతిథి