తాళాలు తెచ్చుకోవలెను: టీకా తాత్పర్య సహితం

మూలం: శనివారం ఏడింటికి గుడిలో భజన. అందరూ రావలెను. తాళాలు తెచ్చుకోవలెను.

టీక: ఏడింటికి = ఎనిమిది దాటకుండా; అందరూ = ఎటూ వచ్చే నలుగురు కాక మిగతావారు; రావలెను = రూపం ఆజ్ఞ, భావం బతిమాలుట; తాళాలు = ఇత్తడివి. ఇంటికి వేసేవని కొందరి వ్యాఖ్య, అది అగ్రాహ్యం.

తాత్పర్యం: ‘పాట వచ్చినవారు’ అన్న విశేషణం మూలంలో ఎక్కడా లేదు. ఇది వ్రాయసకాడి మరుపు కాదు, మండలి ప్రాణం. భజన మండలి నిలిచేది ముందు పాడేవారి గొంతు మీద కాదు, వెనక అందుకునేవారి ఓపిక మీద. ఇందుకు కర్ణాటకలోని మాన్వి తాలూకాయే ప్రమాణం. చీకలపర్విలో పుట్టిన విజయదాసు (1682–1755), ఆయన శిష్యుడు గోపాలదాసు, ఈయన శిష్యుడు మాన్వి జగన్నాథదాసు (1728–1809) నడిపిన దారి ఇది. ఈ దాసుల పాటైన దేవరనామం కట్టుబడి చూడండి. చరణం ఒకరు పాడతారు, పల్లవికి అందరూ వచ్చి కలుస్తారు. చరణాలు రానివాడికి పల్లవి చాలు. పల్లవీ నోరు తిరగనివాడికి తాళం చాలు. చివర ‘విజయ విఠల’ అనో ‘జగన్నాథ విఠల’ అనో అంకితం, అంటే కవి ముద్ర, వినబడితే, పాట ముగింపుకొచ్చిందని నిద్రమత్తులో ఉన్నవాడికీ తెలుస్తుంది.

శ్రుతి లేని గోల సంగీతమా అని పండితుల ఆక్షేపం. దీనికి జవాబు జగన్నాథదాసు కథలోనే ఉంది. శ్రీనివాసాచార్యులనే సంస్కృత పండితుడిగా ఉన్న రోజుల్లో ఆయనకు విజయదాసు కన్నడ పదాలంటే చిన్నచూపట. కడుపునొప్పి సాకుతో భోజనానికి పిలిచినా వెళ్లలేదని, ఆ నొప్పి నిజంగానే పట్టుకుందని, గోపాలదాసును ఆశ్రయించాకే తగ్గిందని దాస సంప్రదాయం చెబుతుంది. ఆక్షేపకులు తమ కడుపులు చూసుకోవాలి.

అదే జగన్నాథదాసు పల్లవి లేని ‘హరికథామృతసారం’ రాశాడు కదా, అక్కడ వెనకవాడి గతేమిటని మరో ప్రశ్న. అది భామినీ షట్పది అనే కన్నడ ఛందస్సు. మూడు, నాలుగు మాత్రల గణాలు మారిమారి వస్తాయి. మిశ్రచాపు తాళం తెలిసిన చెయ్యి మొదటి పద్యంలో కుదురుకుంటే తక్కినవాటికి తడుముకోదు. వేదాంతం తలకెక్కకపోయినా నడక చేతికెక్కుతుంది.

ఇదంతా కన్నడ సంగతి, తెలుగువారికేమిటంటారా? తుంగభద్ర ఎడమ కాలువ పారాక ఆంధ్ర రైతులు ఈ మాన్వి ప్రాంతంలోనే క్యాంపులనే పల్లెలు కట్టుకున్నారు. తెలుగువారి రామభజన కట్టుబడీ ఇదే: ఒకరు అనడం, పదిమంది అందుకోవడం.

కనుక శ్రుతి తప్పేవాణ్ణి మండలి నుంచి తీసెయ్యరాదని సిద్ధాంతం. తీసేస్తే మిగిలేది కచేరీ. దానికి మళ్లీ శ్రోతలను వెతుక్కోవాలి. అయితే మైకు అతని చేతికే ఇవ్వాలని మూలంలో లేదు.