అక్టోబరు 31 దాకా

కామాఠీపురలోని ఆ తెలుగు చాల్‌లో పేపరు చదివి వినిపించడం బావ పని. కార్పొరేషన్‌లో పర్మినెంటు నౌకరీ ఆయనది. కూలీనాలీ చేసుకునే ఆ చాల్‌లో ఆ మాటకున్న విలువ ఇంతా అంతా కాదు. ఆయన పేపరు విప్పితే బీడీలు చుట్టే ఆడవాళ్లు చేటలతో సహా వచ్చి వరండాలో కూచునేవారు.

1985 జూలైలో ఒకనాడు ఆయన గొంతు లేచింది. బొంబాయి ఫుట్‌పాత్ గుడిసెల కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అయిదుగురు జడ్జీలు, అందరిదీ ఒకటే మాట.

"అండ్ల ఒకాయన మనాయన! ఓ. చిన్నప్పరెడ్డి!"

ఆ సంబరం ఉత్తిది కాదు. ఎమర్జెన్సీలో, 1976లో, రాష్ట్రం దాటించి బదిలీ చేసిన హైకోర్టు జడ్జీల్లో చిన్నప్పరెడ్డి ఒకరు. హైదరాబాద్ నుంచి చండీగఢ్ వెళ్లారు. 1978లో సుప్రీంకోర్టుకు చేరాక ఆయన చూపు కింది మెట్టు మీదే. ఢిల్లీ పోలీసు శాఖలోని ఒక డ్రైవర్ కానిస్టేబుల్ కేసులో, 1982లో, సమాన పనికి సమాన వేతనం అన్నారు. ఉరిశిక్ష పడినవాణ్ణి రెండేళ్లకు మించి చావు నీడలో ఉంచితే ఇక ఉరి తీయకూడదని 1983లో రాశారు.

వరండాలో ఒక మూల బావమరిది కూడా వింటున్నాడు. పాలమూరు నుంచి వచ్చి మేస్త్రీల కింద ఇటుకలు మోసే మనిషి. గుడిసె రెండు గల్లీల అవతల, ఫుట్‌పాత్ మీద. 1981 జూలైలో ముఖ్యమంత్రి అంతులే ఫుట్‌పాత్ జనాన్ని ఖాళీ చేయించి సొంతూళ్లకు పంపుతామన్నప్పుడు, పెళ్లాంబిడ్డలతో బావ ఖోలీలోనే తలదాచుకున్నాడు. అప్పుడే సేలం కూలీ ఒకతని గుడిసె కూల్చి, కుటుంబంతో సహా బస్సెక్కించారు. పని కోసం ఒంటరిగా తిరిగొచ్చి మళ్లీ ఫుట్‌పాత్ మీదే పడ్డ ఆ మనిషి, ఈ కేసు వేసినవాళ్లలో ఒకడు.

"ఏం రాసిండ్రు బావా?"

"బతుకుదెరువు గుంజుకుంటే పానం గుంజుకున్నట్టేనంట. జీవించే హక్కుల అది గూడ ఉన్నదంట."

అంతకు నాలుగేళ్ల ముందు, గుడిసె వేసుకునే ప్రాథమిక హక్కు తమకు లేదని హైకోర్టులో ఈ పేదల తరఫునే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నా సరే, ప్రాథమిక హక్కును వదులుకోవడం ఎవరి తరమూ కాదని అయిదుగురూ తేల్చారు. ఏమీ లేనివాడి పక్షాన ఇంత గట్టిమాట ఇంకొకటి నాకు కనబడలేదు.

ఆడవాళ్ల మొహాలు విచ్చుకున్నాయి. ఎవరో చాయ్‌కి కేక వేశారు. బావ పేజీ తిప్పాడు.

మిగతా తీర్పు అక్కడుంది. ఫుట్‌పాత్ నడిచేవాళ్లది. దాన్ని ఆక్రమించే హక్కు ఎవరికీ లేదు. ముందుగా నోటీసిచ్చి గుడిసెలు తీసేయవచ్చు. 1976 జనగణన కార్డున్నవాళ్లకు వేరేచోట జాగా ఇవ్వాలి, కానీ ఇచ్చాకే కూల్చాలన్న షరతు లేదు. వానాకాలం గనక అక్టోబరు 31 దాకా ముట్టుకోకూడదు.

చదువుతున్నకొద్దీ బావ గొంతు దిగిపోయింది. బావమరిదికి కార్డు లేదు. అతను బొంబాయికి వచ్చిందే 1978లో.

"అంటే నా బతుకుదెరువు హక్కే. నా గుడిసె హక్కు గాదు."

"నోటీసు ఇయ్యకుంట కూల్చరాదు గదరా!"

"నోటీసు వస్తే సదివి చెప్పనీకి నువ్వుంటివి. ఒక్కటి అడుగుత బావా. గుడిసెలు కూల్చే గ్యాంగుల నీ డ్యూటీ ఇంకా మా గల్లీకేనా?"