‘అదిగొ దీవి’ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

అదిగొ దీవి యనుచు నన్న చూపించెను
అడుగు వేయ వేయ నదియు జరిగె
నీళ్ల సీసలోన నీడయే మిగిలెను
తోడువాని సంచి తోడు వచ్చె

అవతారిక: మే నెలలో ఒకనాడు తెల్లవారుజామున ఒకానొక కవి బావమరిదిని వెంటబెట్టుకొని, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఆటో దిగి, దక్షిణంగా పులికాట్ సరస్సులోకి నడిచాడు. సాయంత్రం మోకాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ ఈ పద్యం చెప్పాడు. సరస్సులో నడవడమేమిటి, అతిశయోక్తి కాదా అని పై జిల్లాలవాళ్లు శంకిస్తారు. చిలికా తరువాత దేశంలో ఇంతటి ఉప్పునీటి సరస్సు ఇదే. అయినా చాలాచోట్ల లోతు మనిషి నడుము దాటదు. రాయదొరువు, తూపిలిపాళెం దగ్గర సముద్రపు నోళ్లు ఇసుకతో పూడుతూ ఉండడంతో ఉత్తర భాగానికి పోటునీళ్లు సరిగా అందవు. వానలకు కాళంగి తెచ్చినదంతా ఎండాకాలానికి ఆవిరైపోతుంది. సూళ్లూరుపేట వైపు చూపు ఆనినంత మేరా ఉప్పు పేరిన నేల తేలుతుంది. కనుక ఇది స్వభావోక్తి. ప్రళయకావేరి అన్న పేరు ఈ సరస్సుదేనని స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదివినవాళ్లకు తెలుసు. మేలో చూసినవాళ్లు మాత్రం ఆ పేరులో ఏ సగాన్నీ నమ్మరు.

టీక: అదిగొ = అదుగో, అల్లంత దూరాన. ఎంత దూరమో చెప్పకపోవడమే ఈ మాటకున్న బలం. చదును నేల మీద నిలబడ్డ మనిషికి దిగంతం సుమారు 4.5 కిలోమీటర్లే. కానీ అవతలి దిబ్బ మీద 10 మీటర్ల తాటిచెట్టు ఉంటే దాని తల 15 కిలోమీటర్ల నుంచీ అందుతుంది. నడుమ ఇల్లు లేదు, కంచె లేదు, గొడ్డు లేదు; ఇంత దూరమని కొలుచుకోవడానికి కంటికి ఆధారమే లేదు. తార్కికులు ప్రత్యక్షాన్ని మొదటి ప్రమాణమన్నారు. పాపం, వాళ్లెవరూ మేలో పులికాట్‌లో నడిచినట్టు లేదు.

దీవి = ఏ దీవి? ఇక్కడ మతభేదముంది. ఇరకమని ఒక పక్షం. ఇరకానికి భీమునివారిపాళెంలో పడవెక్కి పోవడం వాడుక. నడిచేవాడి పద్యానికి అది పొసగదు. దర్గా ఉన్న వేనాడే అని మా పక్షం. మూడో పక్షంవాళ్లు, కవి చూసింది దీవినే కాదు, తూర్పున శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ టవర్లను అంటారు (2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టినా ఈ చుట్టుపక్కల నోళ్లలో అది ఇంకా షారే). దిక్కు తప్పిన వ్యాఖ్యానమిది, విడిచిపెడదాం. ‘అదిగొ దిబ్బ’ అని పాఠాంతరం. గణమూ చెడదు, యతీ చెడదు. ఊళ్లో వినపడేదీ ఎక్కువగా అదే.

అన్న = తోబుట్టువు కాదు. సూళ్లూరుపేటలో టీ పోసేవాడూ అన్నే, చిల్లర లేదనే కండక్టరూ అన్నే. ఇక్కడ బర్రెలు తోలుకొస్తూ ఎదురైన మనిషి. ఆయన నోటి మాట, “కనపడతా ఉండాది గదన్నా, అదే. బీడీ కాల్చేలోగా పోవచ్చు.” ఏ బీడీయో చెప్పలేదు.

అడుగు వేయ వేయ = ఈ ద్విరుక్తి పాదపూరణకని ఛందస్సు చదివినవాళ్లంటారు. నేల చూసినవాళ్లు అనరు. పైన తెల్లటి ఉప్పుపొర అప్పడంలా పగులుతుంది. కింద నల్లటి బురద పిక్కదాకా లాగుతుంది. కాలు దించడం ఒక వేయడం, పైకి లాగడం ఇంకొకటి. రెండోదానికి చెప్పు ఎప్పుడూ సహకరించదు.

జరిగె = వెనక్కి తొలగింది. భ్రాంతిమదలంకారం. కాలిన నేలనంటిన గాలి పలచబడి వెలుతురును వంచుతుంది. ఆకాశం ముక్క దిబ్బ మొదట్లో నీటిమడుగులా మెరుస్తుంది. దిబ్బ నేల విడిచి తేలుతుంది. మనం కదిలే కొద్దీ ఆ మెరుపు ముందుకు పోతుంది. కాబట్టి ‘అదియు’లో జరిగింది ఎండమావి, దీవి మీద నింద వేయడం కవి అలసట.

నీళ్ల సీసలోన = సీస అనగా సీసా, ప్లాస్టిక్కుది. నీడయే మిగిలెను = నీళ్లు అయిపోయాయి. ఆ మైదానంలో నీడ దొరికిన ఏకైక చోటు ఖాళీ సీసా లోపలేనని రెండో అర్థం. ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం ఆగక తప్పదు. చుట్టూ ఉప్పు పేరిన చోట దిబ్బల మీది మనుషులు తాగేదేమిటి? దొరువు నీళ్లు. ఇసుకలో మోచేతి లోతున గుంట తీస్తారు. ఇసుకలోకి ఇంకిన వాననీరు తేలిక గనుక కింది ఉప్పునీటి మీద నిలుస్తుంది. కొబ్బరిచిప్పతో పైపైనే తోడుకోవాలి. ఆశపడి అడుగుదాకా తోడితే ఉప్పు తగులుతుంది. గుంట వెలితి పడ్డాక అంచుల నుంచి నీరు ఊరేదాకా కూర్చోవాలి. కవి అక్కడ కూర్చున్నంతసేపు పద్యం చెప్పలేదు. అందుకే నాలుగు పాదాల్లోనూ దొరువు లేదు.

తోడువాని = బావమరిది యొక్క. ‘వాని’ అనడం చనువు కొద్దీ. వాళ్లక్క వింటున్నప్పుడు ‘తోడువారి’ అని చదువుకోవాలి, గణభంగం లేదు. సంచి = పులిహోర పొట్లాలు, గొడుగు, పవర్ బ్యాంకు, పక్షుల కోసం తెచ్చిన బైనాక్యులర్. అసలు ఈ పద్యంలో రాజహంసలేవీ, పులికాట్ మీద పద్యానికి ఇది దోషం కాదా అని శంక. కాదు. అవి ప్రధానంగా శీతాకాలపు చుట్టాలు. ఫ్లెమింగో ఫెస్టివల్ జనవరిలో చేసేదీ అందుకే. నేలపట్టు గూడబాతులు సైతం మే నెలకల్లా పిల్లలతో చాలామటుకు వెళ్లిపోతాయి. మే నెలలో బైనాక్యులర్ తూకానికి తప్ప దేనికీ పనికిరాదు.

తోడు వచ్చె = కవి భుజం మీదికి వచ్చింది.

తాత్పర్యం: కనపడుతున్న దీవికి నడిచారు, పొద్దు నడినెత్తికి వచ్చాక చేరారు, రెండు సంచులూ ఒకరే మోశారు.

విశేషం: సంచి చేతులు మారింది పోయేటప్పుడని కవి, వచ్చేటప్పుడని బావమరిది. ఈ వ్యాఖ్య విని ఆయన లేవదీసిన ఆక్షేపణ ఇది: “సంచి ఇచ్చినమాట నిజమే బావా. నా రెండు చేతుల్లో ఏముండాయో పద్యంలో ఏదీ?” ఉన్నవి పీతలు. వేనాడులో బేరమాడి కొన్నవి, గోతంలో దారి పొడుగునా గీరుతూనే ఉన్నాయి. ఆటవెలదిలో చోటు చాలలేదని కవి సమాధానం. చాలకపోతే సీసం రాసుండాల్సిందని ఆయన. ఆ సీసం మొదలైంది. నాలుగు పాదాల నిండా పీతలే. చివర ఎత్తుగీతిగా ఈ ఆటవెలదినే తగిలించుకోవచ్చు గనుక కొత్తగా రాయాల్సిన పని లేదని కవి సంతోషం. నాలుగో పాదం తీసేస్తే తప్ప ఒప్పుకోనని బావమరిది.