ఈరోజే ఆఖరు, రేపు కూడా

ఎంబీఏ పూర్తిచేసి, అమీర్‌పేటలో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్‌లో మార్కెటింగ్ మేనేజరుగా కుదిరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ చిట్కాలు. ఫిలిప్ కాట్లర్ 1967లో ‘మార్కెటింగ్ మేనేజ్‌మెంట్’ రాశాడు. పరీక్ష ముందు రాత్రి మీరూ తిరగేసే ఉంటారు. కొనేవాడికి ఏం కావాలో ముందు కనుక్కోండి అంటాడాయన. మైత్రీవనం దగ్గర ఒక్క పూట పాంప్లెట్లు పంచి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు. కొనేవాడికి ఉద్యోగం కావాలని ఇక్కడ ఇడ్లీ బండివాడికి కూడా తెలుసు. మన దగ్గర ఉన్నది కోర్సు. ఆ రెంటి మధ్య ఖాళీని ఫ్లెక్సీతో కప్పడమే మీ ఉద్యోగం.

మొదట ఆఫర్ సంగతి. మెట్రోలో ఒక్క స్టేషను పోతే పంజాగుట్ట. అక్కడి చీరల షాపులు చూసి రండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, గిరాకీ ఉండదు. శ్రావణానికి కొత్త సరుకు దిగేలోపు పాతది వదిలించుకోవాలి గనక ధర తగ్గిస్తారు. నెల తిరగ్గానే ఆపేస్తారు. ఆ ఆపేయడం ఉత్త చాదస్తం. మీరు పన్నెండు నెలలూ ఆషాఢమే నడపండి. పైథాన్‌లో చేరితే ఎస్‌క్యూఎల్ ఉచితం. ముప్పై వేలని అచ్చువేసి, దాని మీద ఎర్రగీత కొట్టి, పక్కన పన్నెండు వేలని వేయండి. ‘ఈరోజే ఆఖరు’ అనండి. రేపూ అదే అనండి. ముప్పై వేలు కట్టినవాడు ఈ భూమ్మీద ఎవడూ లేడని కుర్రాడికి రెండో రోజే అర్థమవుతుంది. పన్నెండు కూడా దండగేమోనని ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఇంకో బ్లాకుకు పోయి పదికి బేరమాడతాడు. మీరు తొమ్మిది అనండి.

తొమ్మిదిలో మిగలాలంటే ఎక్కడో కొయ్యాలి. ఫ్యాకల్టీ దగ్గర కొయ్యండి. ఎస్సార్ నగర్ హాస్టళ్లలో రాత్రి భోజనాల దగ్గర ఒకసారి చెవి పెడితే కొన్ని మాటలు వినపడతాయి. స్టీలు కంచంలో చారు పోసుకుంటూ కొత్తగా వచ్చినవాడు ‘ఎక్కడ చేరితే మంచిది?’ అంటాడు. పాతవాడు ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పడు. ‘జావాకా? ఫలానా సార్ దగ్గర కూర్చో. ఆయన ఎక్కడ చెప్తే అక్కడికి పో’ అంటాడు. ఈ పేటలో సార్ మారితే బ్యాచ్ మొత్తం ఆయన వెనకే మెట్లు దిగి పోతుంది. అందుకని ఆ సార్ జీతం పెంచుతారా? పొరపాటున కూడా వద్దు. ఆ డబ్బుతో ఇంకో ఫ్లెక్సీ కట్టించండి. ఫ్లెక్సీ రాజీనామా చెయ్యదు.

పాంప్లెట్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక స్టేషను మెట్లంత మంచి చోటు మరొకటి లేదు. మెళ్లో కంపెనీ ఐడీ కార్డు వేసుకుని హైటెక్ సిటీకి పోయేవాడికీ ‘ఫ్రెషర్స్ బ్యాచ్’ కాగితం ఇవ్వండి. బాసు అడిగేది ఎన్ని పంచారనే, ఎవరికని కాదు. మెట్ల కింద ఊడ్చే ఆమెకు మాత్రం ఆ సంఖ్య మీకన్నా బాగా తెలుసు.

కౌన్సెలింగ్ గదిలోకి కుర్రాడితోపాటు తండ్రి వస్తే ఆయన వంక చూడకండి. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాయన. ఫీజు డబ్బులు ఆయన లోపలి జేబులోనే ఉంటాయి, అయినా సరే. చూస్తే ఇలా అడుగుతాడు:

“సారూ, నౌకరి ఎవలిస్తరు? మీరేనా?”

“మాకు టై-అప్ కంపెనీలున్నాయండీ.”

“ఏ కంపెనీలు?”

“అది కాన్ఫిడెన్షియల్ అండీ.”

“పోయినేడు చేరిన పిల్లగాండ్లల్ల ఎవలికన్న వచ్చిందా? ఒక్కని నంబరియ్యి, మాట్లాడుత.”

కాట్లర్ పుస్తకం మొత్తం కలిపి చెప్పింది ఆయన ఒక్క ముక్కలో అడిగేశాడు. కంగారు పడకండి. టీ తెప్పించండి, ఏసీ పెంచండి, కుర్రాణ్ణి డెమో క్లాసుకు పంపండి. నంబరు మాత్రం ఇవ్వకండి.

‘100 శాతం ప్లేస్‌మెంట్’ గురించి కొందరు భయపెడతారు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అనకూడదట. విజేత ఫొటో వెయ్యాలంటే అతను గెలిచిన తర్వాత రాతపూర్వకంగా ఒప్పుకోవాలట. చుక్క గుర్తు పెట్టి కింద చీమతలకాయంత అక్షరాల్లో షరతులు వేస్తే చాలదట, ముఖ్యమైన విషయాలెంత సైజులో ఉన్నాయో షరతులూ అంత సైజులో ఉండాలట. మనది కోచింగ్ కాదు, ‘ట్రైనింగ్’ అని బోర్డు మార్చేస్తే సరిపోతుందని మీ బాసు అంటాడు. తలూపండి. తప్పుదోవ పట్టించే ప్రకటన ఏ వ్యాపారానిదైనా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడుతుందని ఆయనకు గుర్తుచేసి మీటింగు పాడుచెయ్యకండి.

నెలాఖరు రిపోర్టులో లీడ్స్ సంఖ్య పెద్దక్షరాల్లో ఉండాలి. అందులో కొన్ని నంబర్లు మన ఫీజు కనుక్కోవడానికి ఫోన్ చేసిన పక్క ఇన్‌స్టిట్యూట్ టెలీకాలర్లవే. వాళ్లవీ లెక్కలో వేయండి, మన నంబరును వాళ్లూ వేసే ఉంటారు. పాత విద్యార్థి తన రూమ్మేటునో బావమరిదినో వెంటబెట్టుకొచ్చి చేర్పించాడనుకోండి, దాన్ని ‘ఇతరాలు’లో పడేయండి. ఖర్చు లేకుండా వచ్చినదాన్ని పైకి చూపిస్తే వచ్చే ఏడు మీ బడ్జెట్టుకే ఎసరు.

ఇక మీ కెరీర్. ఏడాది దాటి ఒకచోట ఉండకండి. మీ ఆఫర్లు నమ్మి చేరిన బ్యాచ్ కోర్సు ముగించుకుని వచ్చి ఉద్యోగమేదని అడిగే రోజుకు మీరు ఎదురు బ్లాకులో ఉండాలి. పోతూ పోతూ లీడ్స్ ఎక్సెల్ షీటు పెన్‌డ్రైవులో వేసుకుపోండి. జనం వివరాలు కాపాడలేని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అని 2023 డేటా రక్షణ చట్టంలో రాసి ఉంది. అది మీ పాత బాసు తలనొప్పి. కొత్త బాసు కూడా ఆ షీటు చూసే మిమ్మల్ని తీసుకుంటున్నాడు, మీరు దిగిపోయేటప్పుడు తన షీటు ఏమవుతుందో ఆయన ఆలోచించడు.

ఒక్క జాగ్రత్త. ఎక్కడైనా ఇంటర్వ్యూలో షీటు పక్కనపెట్టి, ‘మీ పాత స్టూడెంట్లలో ఉద్యోగం వచ్చినవాళ్ల నంబర్లు ఐదు ఇవ్వండి, మాట్లాడతాను’ అన్నారంటే అక్కడ చేరకండి. ఆ ఆఫీసులో పని చెయ్యాల్సి వస్తుంది.