ప్లగ్గు పెట్టక మునుపు: టీకా తాత్పర్య సహితము

తే.గీ. పాత రేడియో దొరికిన ప్లగ్గు పెట్టఁ
దొందరించక, సీరీసు తోడు పెట్టి,
కారు కండెన్సరుల నెల్లఁ గాంచి మార్చి,
పిదప వినవయ్య బెజవాడ పెట్టెలోన.

ప్రతిపదార్థము: పాత రేడియో = వాల్వులు గల పెట్టె (ట్రాన్సిస్టరు అని చెప్పినవారు తర్వాతి పాదము చదవనివారు); దొరికినన్ = అటక మీదనో, ఎర్రగడ్డ సంతలోనో లభించినచో; ప్లగ్గు పెట్టన్ = గోడ సాకెట్టులో దూర్చుటకు; తొందరించక = ఆగి; సీరీసు = వరుసలో కలిపిన బల్బును; తోడు పెట్టి = జత చేసి; కారు = కరెంటు కారునట్టి; కండెన్సరులన్ ఎల్లన్ = కండెన్సర్లనన్నిటిని; కాంచి = మీటరుతో చూచి; మార్చి = కొత్తవి వేసి; పిదపన్ = అటు తర్వాత; పెట్టెలోనన్ = ఆ రేడియోలో; బెజవాడన్ = విజయవాడ కేంద్రమును; వినవు అయ్య = వినుము నాయనా.

తాత్పర్యము: ఏండ్ల తరబడి మూలపడిన సెట్టుకు నేరుగా 230 వోల్టులు ఇచ్చినవాడు పొగ చూచును. ఆగినవాడు వార్తలు వినును.

విశేషములు: 'దొరికిన' అనెనే గాని 'కొనిన' అనలేదు. కొన్నచో అమ్మినవాడు "మొన్నటి దాకా పాడిందండీ" అనును. ఆ వాక్యమును వ్యాఖ్యాతలెవ్వరును ప్రమాణముగా గ్రహింపలేదు.

'సీరీసు' తర్వాత 'బల్బు' అధ్యాహార్యము. 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బును రేడియోకు వెళ్లు ఒక తీగ మధ్యలో కలుపవలెను. స్విచ్చి వేయగానే అది క్షణము వెలిగి మసకబారినచో సెట్టులో పెద్ద షార్టు లేదు. నిండుగా వెలుగుచునే ఉన్నచో వెంటనే ఆపవలెను. కాలవలసినది బల్బులో వెలుగై పోయినది, ట్రాన్స్‌ఫార్మరు దక్కినది. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. పనికివచ్చు బల్బు ఇప్పుడు కిరాణా కొట్టులో దొరుకుట లేదు. ఇది కవి దోషము కాదు.

మూడవ పాదము ఈ పద్యమునకు ప్రాణము. శంక: "వాల్వులు గాజువి గదా, అవి ముందు చెడవా? పద్యమున వాటి పేరే లేదేమి?" సమాధానము: రేడియో మూగవోయిన ప్రతి ఇంటను 'వాల్వు పోయింది' అనుట లోకాచారము. కాని గాజుబుడ్డి యాభై ఏండ్లు నిలిచిన చోట, దాని పక్కనున్న మైనపు కాగితపు కండెన్సరు నిలువదు. కాగితము చెమ్మ పీల్చును, డీసీని ఆపవలసినది దానిని కొంచెము కొంచెముగా వదలును. ఇట్టివాటిలో ప్రథమ దోషి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు ముందున్నది. ఆ వాల్వు ఈఎల్84 అయినచో దాని గ్రిడ్డు కేథోడు కంటె సుమారు 7 వోల్టులు మైనసులో ఉండవలెను. కండెన్సరు కారినచో అవతలి వాల్వు ప్లేటు మీది వోల్టేజి ఇవతలికి వచ్చి గ్రిడ్డును ప్లస్సు చేయును. అప్పుడు వాల్వు అదుపు తప్పి ప్లేటు ఎర్రబడును, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలును. నిందయంతయు వాల్వుకే. నిజము తేల్చు ఉపాయము సులభము. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరున్న సెట్టులో ఆ వాల్వును పీకి, గ్రిడ్డు పిన్ను వద్ద మీటరు పెట్టవలెను. అప్పటికిని ప్లస్సు చూపినచో వాల్వు నిర్దోషి. కండెన్సరు వెల కొద్ది రూపాయలు. కోఠీ గుజరాతీ గల్లీలో 630 వోల్టుల పాలిస్టరుది అడిగినచో ఇత్తురు. ట్రాన్స్‌ఫార్మరు కాలినచో చుట్టించుకొనవలసినదే.

'ఎల్లన్' అను పదము వద్ద వ్యాఖ్యాతలకు పొత్తు కుదరలేదు. 'కారునవి ఎల్ల' అని ప్రాచీనులు. కారనిదానిని ముట్టరాదని వారి మతము. 'కండెన్సరులెల్ల కారునవే, నేడు కాకున్న రేపు' అని నవ్యులు; వారు చేసి మూసిన సెట్టు మరల తెరువవలసిన పని తక్కువ. మూడవ వర్గము వారు పాత కాగితపు గొట్టమును వేడి చేసి, లోపలిది తీసి, కొత్తదానిని అందులో దాచి మైనముతో మూయుదురు. వెనుక అట్ట విప్పి చూచువాడు వారి ఇంట వారొక్కరే అయినను చేయుదురు. ప్రస్తుత టీకాకారుడు కాగితపువాటి విషయమున నవ్యుడు, మైకావాటి విషయమున ప్రాచీనుడు.

'కాంచి' అనగా కంటితో చూచి అని కాదు, వేలితో తాకి అని అసలే కాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను ఫిల్టరు కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచియుండవచ్చును. రెసిస్టరు ద్వారా దించి, మీటరుతో సరిచూచుకొనవలెను. వాల్వు పేరులో మొదటి అక్షరమును కూడ ముందే చదువవలెను. 'ఈ' అయినచో 6.3 వోల్టుల హీటరు. యూసీహెచ్81, యూసీఎల్82 వలె 'యూ' అయినచో సాధారణముగా ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, ఇనుప ఛాసీకే మెయిన్స్ తగిలియుండవచ్చును. అట్టి సెట్టును ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండ తెరచుట ఈ పద్యమునకు సమ్మతము కాదు.

'బెజవాడ'యే ఎందుకు? 1948 డిసెంబరు 1న అచ్చట రేడియో కేంద్రము మొదలైనది గనుక అని కొందరు. హైదరాబాదు 738 కిలోహెర్ట్జుల మీద ఉన్నను దాని అక్షరములు ఆ చోటి గణమున ఇముడవు అని ఛాందసులు. బెజవాడది 837. దానిని పట్టుటకు రేడియో తనలో తాను 1292ను పుట్టించుకొని, రెంటి భేదమైన 455ను మాత్రమే పెంచుకొనును. ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో చూపిన మార్గమిది. ఆ 455కు శ్రుతి చేసిన డబ్బాల మీది కోర్లను, కొత్తగా స్క్రూడ్రైవరు కొన్నవారు తప్పక తిప్పుదురు. సిగ్నల్ జనరేటరు లేనివారు తిప్పరాదు. డయలు దారము తెగినచో నైలాను దారము కట్టుకొనవచ్చును, స్ప్రింగు మాత్రము పారవేయరాదు.

ఇంత చేసినను బెజవాడ మీద గరగర వినవచ్చినచో తప్పు సెట్టుది కాకపోవచ్చును. ఇంటిలోని చౌక ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు మీడియం వేవును చెరచును. ఒక్కొక్కటే ఆర్పుచు పోయినచో కేంద్రము తేట పడును. దీపములన్నియు ఆర్పి వార్తలు వినవలెనా అను ప్రశ్నకు మూలమున సమాధానము లేదు. వంటింటిలోని వారిని అడిగి తెలిసికొనునది.