అభ్యంతరావధాని

ప్రతి పురపాలక సంఘమునందును ఒక అభ్యంతరావధాని యుండును. పార్టీలు మారును, చైర్మన్లు మారుదురు, వార్డుల సరిహద్దులు సైతము మారుచుండును. కాని సభామందిరమున పంకా క్రింది కుర్చీలో, చంకను అజెండా కట్టతో, జేబున రెండు రంగుల కలములతో, ముక్కు చివరకు జారిన కళ్ళజోడుతో ఆసీనుడైన ఆ మహానుభావుడు మాత్రము మారడు.

అవధాన సభలలో నిషిద్ధాక్షరి యను నంశమొకటి కలదు. అవధాని పద్యమున నొక్కొక్క అక్షరము వేయబోవుచుండగా, అది కూడదని పృచ్ఛకుడు అడ్డుపడుచుండును. అప్రస్తుత ప్రసంగమను మరియొక అంశమున, సందర్భముతో నిమిత్తములేని ప్రశ్నలు వేసి ఏకాగ్రతను చెదరగొట్టుట పృచ్ఛకుని విధి. అక్కడ ఈ రెండు కార్యములకును ఇద్దరు పండితులు కావలసియుండగా, మన కౌన్సిలరుగారు ఒంటిచేతితో రెండింటిని నిర్వహింపగలరు. వారు చేయని పని యొక్కటే: పద్యము పూర్తి చేయుట.

ఊరికి తూర్పున రెండెకరముల పొలమున బడి కట్టుటకు భూవినియోగ మార్పు కోరుచు ఒక అర్జీ సభకు వచ్చినదనుకొనుడు. మాస్టర్ ప్లాను పటమున ఇండ్లకు పసుపు, అంగళ్ళకు నీలము, బడుల వంటి ప్రజోపయోగములకు ఎరుపు వేయుట వాడుక. ఆకుపచ్చగా నున్న ఆ తునకను ఎరుపు చేయవలెనని ప్రార్థన. టౌన్ ప్లానింగు అధికారి పటము విప్పుచుండగనే మన సభ్యుడు లేచును.

“అధ్యక్షా! నేను చదువుకు వ్యతిరేకిని కాను. మా తాతగారు వీధిబడి పంతులు. కానీ బడంటూ వస్తే పిల్లలొస్తారు. పిల్లలొస్తే ఆటోలొస్తాయి. వాటి వెనకాల పుల్లఐసు బండ్లు, వాటి మీద ఈగలు, ఈగలతో రోగాలు. అప్పుడు ఆసుపత్రికి స్థలమేదీ? కనుక ఆ రెండెకరాల్లో ముందు ఆసుపత్రి కట్టాలి!”

ఇంతలో బంట్రోతు పళ్ళెములలో మిక్చరును, గ్లాసులలో టీయును తెచ్చి పెట్టును. ఉపన్యాసము నాపకయే ఆయన ఒక గ్రుక్క త్రాగి, చక్కెర చాలలేదని అభ్యంతరము తెలిపి, ఆపై పటము తనవైపు త్రిప్పుకొని, ఇందులో ఉత్తరమెటని ప్రశ్నించును. అధికారి చూపును. అది ఉత్తరమైనచో తన వీధి ఏటిలో పడుచున్నదని ఆయన నొచ్చుకొనును. పటము తలక్రిందులుగా నున్నదని చెప్పు సాహసము అధికారికి లేదు.

గత సమావేశమున తూర్పుదిక్కున బడి లేదని గర్జించినది తామే గదా యని గుమాస్తా మినిట్సు పుస్తకము తెరచి చూపినను ఆయన చలింపడు. “అప్పుడది డిమాండు, ఇప్పుడిది ప్రతిపాదన. రెండూ ఒకటెలా అవుతాయయ్యా?”

శాస్త్రజ్ఞానమునను ఆయన తక్కువవాడు కాడు. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలనకై పండ్రెండవ షెడ్యూలున 18 అంశములు చేర్చినది. వానిలో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండవది భూవినియోగ, భవన నిర్మాణ నియంత్రణ. ఈ రెండును ఆయనకు కంఠస్థములు. తక్కిన పదునారింటితో ఇంతవరకు పనిపడలేదు. సభ తీర్మానించినను వ్యవహారము తీరదనియు, 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టమును బట్టి ప్రభుత్వము రాజపత్రమున ముసాయిదా ప్రకటించి, వాడుకగా 15 దినముల గడువిచ్చి, అభ్యంతరములను ఆహ్వానించుననియు ఆయన యెఱుగును. సర్కారే స్వయముగా అభ్యంతరములను పిలిచి అడుగు ఆ పక్షము రోజులు, ఆయన బంధువుల పెండ్లిండ్లకు సైతము ఊరు దాటడు.

ఇంత చెప్పియు ఒక న్యాయము ఒప్పుకొనక తప్పదు. ఏ పండ్రెండవ ప్రశ్నగానో ఆయన అప్రోచి రోడ్డు వెడల్పు అడుగును. ఆ పొలమునకు పోవు దారి కాలువగట్టు. బడి బస్సు వచ్చినచో ఎదుటి సైకిలువాడు కాలువలో దిగవలసినదే. అగ్నిమాపక శకటము వచ్చుట కలలోని మాట. ఆ దినమున అడుగవలసిన ప్రశ్న అదియే. కాని అప్పటికి సభ్యులలో సగముమంది భోజనములకు లేచియుందురు, మిగిలినవారు సెల్‌ఫోనులలో మునిగియుందురు. “అదీ చూద్దాంలెండి” అని చైర్మన్ గారు విషయమును వచ్చే నెలకు వాయిదా వేయుదురు.

అభ్యంతరము చెప్పువాడు లేని సభలో ప్రతి పొలమును ఎవరికి కావలసిన రంగు వారు పులుముకొందురు. కావున ఆయన ఉండవలసినవాడే. అడుగుట ఆయన దోషము కాదు, ఏరుకొనలేకపోవుట దోషము. పాఠకులలో ఎవరేని కౌన్సిలరగు యోగము గలవారుందురేని వారికి నా మనవి యిది: రోడ్డు వెడల్పు మొదట అడిగి, జవాబు వచ్చువఱకు పట్టు విడువక, అటుపిమ్మట కూర్చొనుడు. పుల్లఐసు బండ్ల సంగతి పిల్లలు చూచుకొందురు.