తరువాత మామూలే

ప్రతి ఆఫీసులోనూ పని చేసేవాళ్ళు కొందరుంటారు, ఆ పని ఎలా చేయాలో రాసిపెట్టేవాడు ఒకడుంటాడు. ఈ రెండో జాతికి మేలైన నమూనా మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ కేబుల్ ఆఫీసులో దొరుకుతుంది. నెలనెలా చందాదారులకు బిల్లులు తీసే సాఫ్ట్‌వేరును నడిపే విధానం మీద ఆయన లాంగ్‌బుక్కుల్లో ఒక గ్రంథం రాస్తున్నాడు. సాఫ్ట్‌వేరుతో వచ్చిన ఇంగ్లీషు గైడు జేబులో పడుతుంది. ఈయన గ్రంథం మోయడానికి సంచీ కావాలి.

రాయక తప్పదంటాడు. జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం పక్కనే గానీ, అది తెలంగాణ. హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే మరాఠీకి ఒకటి నొక్కాలి, హిందీకి రెండు. తెలుగుకు నొక్కడానికి ఈయన తప్ప ఇంకేం లేదు.

గ్రంథంలో బిల్లు నంబరు అధ్యాయం ప్రసిద్ధమైనది. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఆ నంబరు 16 అక్షరాలు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో వరుస తప్పకూడదు. ఓనరేమో ప్రతి బిల్లూ కాళేశ్వర ముక్తీశ్వరుడి పేరుతో మొదలవ్వాలన్నాడు. ఇంగ్లీషులో స్వామి పేరు రాసేసరికే పదహారూ దాటిపోయాయి, అంకెలకు చోటు లేదు. ‘స్వామివారిని మూడక్షరాలకు కుదించడమైనది. అపచారం ఓనరుగారిది’ అని అక్కడ రాసి ఉంటుంది.

కేబుల్ టీవీ నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏ ఆర్డరు ఇచ్చినా ఈయనకు పండగే. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చి, మొదటి వంద చానళ్ళకు నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు మించరాదన్నప్పుడు కొత్త లాంగ్‌బుక్కు కొన్నాడు. 2020లో అదే 130కి రెండు వందల చానళ్ళన్నారు. 2024లో అసలా పరిమితే ఎత్తేశారు. ఆయన మాత్రం పాత పేజీ ఒక్కటీ చించడు. అడ్డంగా గీత కొట్టి, పక్కన ‘చరిత్ర’ అని రాస్తాడు.

పన్ను అధ్యాయంలో ఉదాహరణ ఇప్పటికీ 130 మీదే. 18 శాతం కలిపితే 153 రూపాయల 40 పైసలు. కింద హెచ్చరిక: ‘40 పైసల గురించి కస్టమరుతో మాట్లాడరాదు. మాట్లాడితే మొత్తం బాకీ సంగతి మరిచిపోయి దాని మీదే పడతాడు.’

ఆ తర్వాత రాష్ట్రం గడి. మహారాష్ట్ర కోడు 27, తెలంగాణది 36. ఆధార్ గోదావరికి అటు, అత్తారిల్లు ఇటు ఉన్న అల్లుళ్ళు వచ్చి ‘నాది తెలంగాణ, గట్లనే బిల్లు కొట్టుర్రి’ అంటారు. కనెక్షన్ ఎక్కడ బిగిస్తే పన్ను లెక్కకు అదే చోటు. 27 పెడితే కేంద్రానికి తొమ్మిది, రాష్ట్రానికి తొమ్మిది. పొరపాటున 36 పెడితే ఐజీఎస్టీ పద్దెనిమిది. అల్లుడి జేబులోంచి పోయేది ఎటైనా అంతే. ఈ సంగతి గ్రంథంలో నాలుగు పేజీలుంది. అందులో మూడు అల్లుళ్ళను ఎలా కూర్చోబెట్టాలన్నదే.

చిరునామా గడికి ఆయన రాసుకున్న మాదిరి: ‘వేపచెట్టు ఎదురిల్లు (చెట్టు కొట్టేశారు. అయినా అందరికీ తెలుసు).’

ఇంత సూక్ష్మంగా రాసే మనిషి అసలు మీట దగ్గరికి వచ్చేసరికి పొదుపరి అవుతాడు. బిల్లులు పుట్టించే పేజీలో ‘తేదీ చూసుకోవాలి, పాత బాకీలు కలిశాయో లేదో చూసుకోవాలి, తరువాత మామూలే’ అని ముగుస్తుంది. ఆ మీట రెండుసార్లు నొక్కితే ఊరందరికీ రెండేసి బిల్లులు పడతాయి. నంబరు పడ్డ బిల్లును చెరిపేయడం కుదరదు, ఒక్కొక్కదానికీ క్రెడిట్ నోటు ఇచ్చుకోవాలి.

ఒక ఒకటో తారీఖున ఆయన మంథనిలో పెళ్ళికి వెళ్ళాడు. ఆఫీసులో కుర్రాడు ఫోన్ చేశాడు.

“అన్నా, పుస్తకం చూసి అన్నీ చేసిన. తరువాత మామూలే అని ఉంది.”

“మరి మామూలుగ చెయ్యి.”

“మామూలుగ ఏం చేస్తరన్నా?”

“నెలనెలా చూస్తలేవారా?”

“నువ్వు స్క్రీనుకు అడ్డం కూసుంటవు కదన్నా!”

ఆ నెల బిల్లులు ఆయన పెళ్ళి భోజనం ముగించి వచ్చాకే బయటికొచ్చాయి. గ్రంథంలో లోపం ఉందని మొత్తానికి ఒప్పుకుని, ఆ రాత్రే సవరించాడు. ‘తరువాత మామూలే’ కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి, పక్కన పెద్దక్షరాలతో తన ఫోన్ నంబరు రాశాడు.